డేనిష్ నేర్చుకోవాలా, జర్మన్ నేర్చుకోవాలా? తెలుగువాళ్ళు తేల్చుకోవడం ఎలా, మొదలుపెట్టడం ఎలా

జర్మన్ కష్టం పుస్తకంలో ఉంటుంది, డేనిష్ కష్టం చెవిలో ఉంటుంది. రెండిట్లో ఏది కష్టమని అడిగినవాళ్ళకి నేను ముందు ఈ మాటే చెబుతాను. నేను హైదరాబాద్‌లో జర్మన్ బి1 దాకా చదివాను. (యూరప్‌లో భాష ఎంత వచ్చో ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అని ఆరు స్థాయిల్లో కొలుస్తారు, బి1 అందులో మూడోది.) తర్వాత ఉద్యోగం డెన్మార్క్‌లో రావడంతో అక్కడికి వెళ్ళి డేనిష్ మొదటి నుంచి మొదలుపెట్టాను. రెండు భాషలతోనూ కుస్తీ పట్టాక ఒకటి అర్థమైంది. ఇంటర్నెట్‌లో దొరికే పోలికలన్నీ ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్ళ కోసం రాసినవి. మన నాలుక వేరు, మన వ్యాకరణం వేరు. వాళ్ళు కష్టమనే చోట్ల మనకి దారి తెరిచే ఉంటుంది. వాళ్ళు తేలిక అనే చోట మనం చతికిలబడతాం.

అందుకని తెలుగు పక్కన పెట్టుకునే ఈ పని ఎలా చేయాలో చెబుతాను.

మొదటి మెట్టు: ముందు ఊరు తేల్చుకోండి

ఏది తేలికో చూసి భాషను ఎంచుకోకండి. మీరు ఎక్కడ ఉండబోతున్నారో చూసి ఎంచుకోండి. జర్మన్ మాతృభాషగా ఉన్నవాళ్ళు 9 కోట్లకు పైనే. జర్మనీ, ఆస్ట్రియా, లిక్టెన్‌స్టైన్, స్విట్జర్లాండ్‌లో ఎక్కువ భాగం, లక్సెంబర్గ్, తూర్పు బెల్జియం, ఇటలీలోని సౌత్ టిరోల్, ఇన్ని చోట్ల అది నడుస్తుంది. డేనిష్ మాట్లాడేవాళ్ళు సుమారు 60 లక్షల మంది. డెన్మార్క్, దాని రాజ్యంలో భాగమైన ఫారో దీవులు, గ్రీన్‌లాండ్, జర్మనీ ఉత్తర సరిహద్దులో ఫ్లెన్స్‌బుర్గ్ చుట్టూ ఉండే డేనిష్ మైనారిటీ, అంతే.

దేశం ఇంకా తేలలేదు, యూరప్‌కి వెళ్ళాలని మాత్రం ఉంది అనుకుంటే జర్మన్ మొదలుపెట్టండి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. నర్సింగ్ చేసినవాళ్ళకైతే చర్చే అక్కర్లేదు. జర్మనీలో నర్సుగా గుర్తింపు రావాలంటే మామూలుగా బి2 స్థాయి జర్మన్ అడుగుతారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి మరీ పంపుతోంది.

డెన్మార్క్ సంగతి వేరు. అక్కడ సాఫ్ట్‌వేర్, ఫార్మా, గాలిమరల కంపెనీల్లో ఇంగ్లిష్‌తో ఉద్యోగం నడిచిపోతుంది. దుకాణాల్లో, బస్సుల్లో, డాక్టర్ దగ్గర కూడా ఇంగ్లిష్ చాలు. అందువల్ల అక్కడికి వెళ్ళే ముందే ఏడాది పాటు డేనిష్ చదవాల్సిన పని లేదు. కానీ ఇంగ్లిష్ చాలులే అని పూర్తిగా వదిలేస్తే తర్వాత బాధపడతారు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో టేబుల్ చుట్టూ అందరూ నవ్వుతుంటే మీరు ఒక్కరే ప్లేటు చూసుకుంటూ కూర్చుంటారు. పాప క్రెష్‌లో రెండు నెలల్లో డేనిష్ మాట్లాడటం మొదలుపెడుతుంది, అది ఏం చెబుతోందో మీకు తెలియదు. శాశ్వత నివాసం కావాలంటే ‘ప్రోవె ఇ డాన్స్క్ 2’ అనే పరీక్ష, పౌరసత్వానికి దాని పైది, ‘ప్రోవె ఇ డాన్స్క్ 3’, పాసవ్వాలి. ఈ మూడోది సుమారుగా బి2 స్థాయి. జర్మనీ పౌరసత్వానికి అడిగేది బి1. అంటే రోజువారీ బతుకు ఇంగ్లిష్‌తో నడిచే దేశమే పౌరసత్వానికి పెద్ద పరీక్ష పెడుతోంది. ఇది ముందే తెలిస్తే మంచిది. ఈ నియమాలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే ముందు ఆ దేశాల ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఒకసారి సరిచూసుకోండి.

రెండో మెట్టు: వారం రోజులు రెండూ రుచి చూడండి

దేశం తేలినా సరే, ఈ వారం వృథా కాదు. మీ చెవి ఎలాంటిదో, మీ ఓపిక ఎలాంటిదో తెలుస్తుంది. రోజూ పావుగంట జర్మన్, పావుగంట డేనిష్. జర్మన్‌కి డాయిచ్ వెల్లె అనే ప్రసార సంస్థ నెమ్మదిగా చదివే వార్తలు ఉచితంగా ఇస్తుంది, పక్కనే పాఠం కూడా రాసి ఉంటుంది. డేనిష్‌కి వాళ్ళ ప్రభుత్వ ప్రసార సంస్థ డీఆర్ వెబ్‌సైట్ ఉంది. డేనిష్ నిఘంటువు కూడా ఆన్‌లైన్‌లో ఉచితం, చాలా మాటల పక్కన ఉచ్చారణ వినిపించే బొమ్మ ఉంటుంది.

ఒకే ప్రశ్నని రెండు భాషల్లో వినండి. ‘మీ పేరేంటి’ అనడానికి జర్మన్‌లో ‘వీ హైసెన్ జీ’. ఏ అక్షరానికి ఏ ధ్వని అన్నది ఒక పూట నేర్చుకుంటే చాలు, రాసింది రాసినట్టే వినబడుతుంది. డేనిష్‌లో అదే ప్రశ్న కాగితం మీద ‘హ్వాడ్ హెడర్ డు’ అన్నట్టు ఉంటుంది. నోటితో అనేసరికి ‘వ హెలర్ డు’ అన్నట్టు వినబడుతుంది. ‘తప్పకుండా’ అనే అర్థం ఉన్న మాట రాతలో ‘సెల్వ్‌ఫోల్గెలిగ్’, పలకడంలో దాదాపు ‘సెఫొల్లి’. మనం కోపెన్‌హాగెన్ అనే ఊరిని వాళ్ళు ‘కోబెన్‌హౌన్’ అంటారు.

ఇది చూసి భయపడకండి. మనం కూడా ‘ఏమి చేస్తున్నావు’ అని రాసి ‘ఏంజేస్తున్నవ్’ అంటాం కదా. డేనిష్‌వాళ్ళు అదే పని ప్రతి వాక్యంలోనూ చేస్తారు.

వారం అయ్యాక మిమ్మల్ని మీరు ఒక్కటే అడగండి: పట్టికలు బట్టీ పట్టడం మీకు విసుగా, లేక విన్నదే పదిసార్లు వినడం విసుగా? మొదటిది విసుగైతే జర్మన్‌లో మొదటి ఆరు నెలలు గడ్డుగా ఉంటాయి. రెండోది విసుగైతే డేనిష్‌లో మొదటి ఏడాది గడ్డుగా ఉంటుంది.

మూడో మెట్టు: జర్మన్ అయితే విభక్తులతో మొదలుపెట్టండి, తెలుగు ద్వారా

జర్మన్ అనగానే అందరూ భయపెట్టేది నాలుగు విభక్తులు, మూడు లింగాల గురించి. నామవాచకం ముందు పెట్టే చిన్న మాట డేర్, డీ, డాస్, డేన్, డేమ్, డెస్ అని ఆరు రూపాల్లో తిరుగుతుంది. ఇంగ్లిష్‌లో ఆలోచిస్తే ఇది కొండ. తెలుగులో ఆలోచించండి.

మనిషి, మనిషిని, మనిషికి, మనిషి యొక్క. జర్మన్‌లో డేర్ మాన్, డేన్ మాన్, డేమ్ మాన్, డెస్ మానెస్. మనం మాట చివర చేసే మార్పుని వాళ్ళు ఎక్కువగా మాట ముందు చేస్తారు. తేడా అంతే. ‘ని’ ఎప్పుడు వాడాలో, ‘కి’ ఎప్పుడు వాడాలో మీకు నాలుగేళ్ళ వయసులోనే తెలుసు.

ఇంకా ముందుకి వెళ్ళండి. ‘నాకు చలిగా ఉంది’ అనేది జర్మన్‌లో ‘మియర్ ఇస్ట్ కాల్ట్’. మియర్ అంటే నాకు. ‘అది నాకు నచ్చింది’ అంటే ‘డాస్ గెఫెల్ట్ మియర్’. మళ్ళీ నాకు. ‘నీకు సాయం చేస్తాను’ అనేటప్పుడు జర్మన్‌లో కూడా ‘నీకు’ అనే రూపమే వస్తుంది, ‘ఇష్ హెల్ఫె డియర్’. ‘నిన్ను అడుగుతాను’ అనేటప్పుడు ‘నిన్ను’ రూపం వస్తుంది, ‘ఇష్ ఫ్రాగె డిష్’. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాళ్ళు ఏ క్రియకి ఏ విభక్తో జాబితా రాసుకుని బట్టీ పడతారు. మీరు తెలుగు వాక్యం మనసులో అనుకుంటే చాలాసార్లు జవాబు అందులోనే ఉంటుంది.

నాకు బాగా నచ్చిన పోలిక ఇంకొకటి ఉంది. ‘ఇన్’ అనే మాట తర్వాత ఒకసారి ‘ని’ విభక్తి, ఒకసారి ‘కి’ విభక్తి ఎందుకు వస్తుందో మా క్లాసులో ఎవరికీ ఎక్కలేదు. టీచర్ బాణాలు గీసి, బొమ్మలు వేసి చెప్పారు. ఇంటికొచ్చి తెలుగులో రాసుకుంటే ఒక్క నిమిషంలో తేలిపోయింది. ‘బడిలోకి’ అంటే ‘ఇన్ డీ షూలె’, ‘బడిలో’ అంటే ‘ఇన్ డేర్ షూలె’. ‘లోకి’, ‘లో’ తేడాయే అది. కదలిక ఉంటే ఒక రూపం, ఉన్నచోటే ఉంటే ఇంకో రూపం.

అన్నిచోట్లా కలవదు. మనం ‘నీకు ఫోన్ చేస్తా’ అంటాం, వాళ్ళు ‘నిన్ను’ రూపం వాడతారు. ఇలా కలవనివి మాత్రం నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుంటూ పోండి. కలిసేవాటిని రాయక్కర్లేదు.

వాక్యంలో క్రియ స్థానం కూడా అంతే. ‘రేపు నేను బెర్లిన్ వెళ్ళాలి’ అంటే ‘ఇష్ ముస్ మోర్గెన్ నాఖ్ బెర్లిన్ ఫారెన్’. వెళ్ళడం అనే మాట, ‘ఫారెన్’, మనలాగే చివర్లో వచ్చింది. ‘ఎందుకంటే నాకు టైం లేదు’ అనే భాగంలో కూడా క్రియ చివరికి పోతుంది: ‘వైల్ ఇష్ కైనె త్సైట్ హాబె’. ‘జర్మన్లు వాక్యం చివరిదాకా క్రియ చెప్పరు’ అని ఇంగ్లిష్‌వాళ్ళు వాపోతారు. మనం పుట్టినప్పటి నుంచి అలాగే వింటున్నాం. మామూలు వాక్యంలో మాత్రం క్రియ రెండో స్థానంలో ఉండాలి. ‘ఈరోజు’ అనే మాటతో మొదలుపెడితే ‘ఈరోజు వెళ్తాను నేను’ అనే వరుస: ‘హాయిటె గేయె ఇష్’. మన నోట మొదట్లో ‘హాయిటె ఇష్ గేయె’ అనే వస్తుంది. దీన్ని రోజుకి పది వాక్యాలు పైకి చదివి సరిచేసుకోండి. ఈ నియమం డేనిష్‌కీ ఉంది కాబట్టి ఇక్కడ పడ్డ కష్టం అక్కడా పనికొస్తుంది.

లింగం విషయంలో మాత్రం తెలుగు పెద్దగా ఆదుకోదు. టేబుల్ పురుషుడు, దీపం స్త్రీ, పుస్తకం నపుంసకం, ఎందుకని అడిగినా జవాబుండదు. అమ్మాయి అనే మాట, ‘మేట్‌షెన్’, నపుంసకం అని చెప్పి జర్మన్‌ని వెక్కిరిస్తుంటారు. మనం వెక్కిరించలేం, ‘అమ్మాయి వచ్చింది’, ‘బండి వచ్చింది’ అని రెండిటికీ ఒకే క్రియ వాడేవాళ్ళం కదా. పనికొచ్చే గుర్తులు కొన్ని ఉన్నాయి: ‘ఉంగ్’, ‘హైట్’, ‘కైట్’, ‘షాఫ్ట్’ అనే ప్రత్యయాలతో ముగిసేవి స్త్రీలింగం, ముద్దు పేర్లలా ‘షెన్’తో ముగిసేవి నపుంసకం. మిగతావాటికి మూడు రంగుల పెన్నులు కొనుక్కోండి. ప్రతి మాటనీ దాని లింగం రంగుతో, ముందు డేర్, డీ, డాస్ చేర్చి రాయండి. ఒట్టి ‘టిష్’ అని నేర్చుకోకండి, ‘డేర్ టిష్’ అని నేర్చుకోండి. మొదటి వారం నుంచి ఇది చేయకపోతే బి1లో మళ్ళీ వెనక్కి రావాలి. నేను వచ్చాను, మూడు నెలలు పోయాయి.

ఉచ్చారణ గురించి రెండే మాటలు. హ్రస్వం, దీర్ఘం మనకి అలవాటే కాబట్టి ‘ష్టాట్’ దీర్ఘం పలికితే రాజ్యం, ‘ష్టట్’ అని పొట్టిగా పలికితే నగరం అనే తేడా ఇట్టే పట్టేస్తారు. మన తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి, అందుకే జర్మన్ మాటల చివర ‘ఉ’ చేర్చేస్తాం. శరత్కాలాన్ని ‘హెర్ప్‌స్ట్’ అనాలి, ‘హెర్ప్‌స్టు’ కాదు. ఫోన్‌లో మీ గొంతు రికార్డు చేసుకుని వినండి, ఆ ‘ఉ’ మీకే వినబడుతుంది.

నాలుగో మెట్టు: డేనిష్ అయితే పుస్తకం పక్కన పెట్టి చెవితో మొదలుపెట్టండి

డేనిష్ వ్యాకరణం చూస్తే ప్రాణం లేచొస్తుంది. నేను ఉన్నాను, నువ్వు ఉన్నావు, వాళ్ళు ఉన్నారు అన్నిటికీ క్రియ ఒక్కటే, ‘ఎర్’. మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతారు అన్నీ ‘టేలర్’. లింగాలు రెండే, అందులోనూ నామవాచకాల్లో దాదాపు ముప్పాతిక వంతు ఒకే లింగం. నామవాచకాలకి జర్మన్‌లా విభక్తుల గొడవ లేదు. ‘ఆ ఇల్లు’ అనడానికి మాట చివర ప్రత్యయం తగిలిస్తారు: ‘హూస్’ ఇల్లు, ‘హూసెల్’ ఫలానా ఇల్లు. ప్రత్యయం చివర్లో రావడం తెలుగు చెవికి సహజంగా అనిపిస్తుంది. అమెరికా ప్రభుత్వం తన దౌత్యవేత్తలకు భాషలు నేర్పే సంస్థ డేనిష్‌ని ఇంగ్లిష్‌వాళ్ళకి అన్నిటికన్నా తేలికైన భాషల వర్గంలో పెట్టి, జర్మన్‌ని దాని తర్వాతి వర్గంలో పెట్టిందంటే ఈ వ్యాకరణం వల్లే.

ఆ జాబితా నమ్మి నేను పుస్తకం పట్టుకుని రెండు నెలల్లో వార్తలు చదివేశాను. తర్వాత బేకరీలో రొట్టె అడిగితే అమ్మాయి తిరిగి అన్న నాలుగు మాటల్లో ఒక్కటీ దొరకలేదు. మీరు ఆ పొరపాటు చేయకండి.

మొదటి నెల మూడు ధ్వనుల మీద కూర్చోండి. ఒకటి, మెత్తని ‘డ’. రాతలో డ ఉంటుంది, చెవికి ‘ల’లా వినబడుతుంది. తిండి అనే మాట ‘మాడ్’ అని రాసి ఉంటే ‘మల్’ అన్నట్టు ఉంటుంది. నాలుక కొనను కింది పళ్ళ వెనక ఆనించి ఉంచండి, పైకి తగలనివ్వకుండా ‘ల’ అనబోండి. వచ్చేది ల కాదు, ద కాదు, అదే కావాలి. డేనిష్‌వాళ్ళు కొత్తవాళ్ళ నోట పలికించి చూసే ‘రోల్‌గ్రోల్ మె ఫ్లోలె’ అనే మాట నిండా ఇదే ఉంటుంది. ఎర్రటి పళ్ళ పాయసంలాంటి వంటకం మీద మీగడ, దాని పేరు అది.

రెండోది, గొంతు పట్టు. డేనిష్‌లో దీన్ని ‘స్టోల్’ అంటారు. నోరు తెరవకుండా ‘ఊఁ-ఊఁ’ అని వద్దనేటప్పుడు మధ్యలో గొంతు ఒక్క క్షణం పట్టుకుని వదులుతుంది కదా, అలాంటి పట్టు మాట మధ్యలో వస్తుంది. ‘హున్’ అంటే ఆమె. అదే మాటని గొంతు పట్టి అంటే కుక్క. కాబట్టి ఇది తర్వాత చూద్దాంలే అనుకునే విషయం కాదు.

మూడోది అచ్చులు. అక్షరాలు తొమ్మిది, ధ్వనులు ఇరవైకి పైనే. మూతి ‘ఉ’ అన్నట్టు గుండ్రంగా పెట్టి లోపల ‘ఈ’ అనండి, ఒక అచ్చు వస్తుంది. మూతి ‘ఓ’ అన్నట్టు పెట్టి ‘ఏ’ అనండి, ఇంకొకటి వస్తుంది. ఈ రెండూ జర్మన్‌లోనూ ఉన్నాయి, కసరత్తు ఒకటే.

రోజూ చేయాల్సిన పని ఇది. డీఆర్ వార్తల్లో ఒక్క నిమిషం ముక్క తీసుకోండి. పాఠం చూడకుండా మూడుసార్లు వినండి. విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయండి. మన లిపికి ఈ పనిలో మంచి బలం ఉంది, పొట్టి పొడుగు అచ్చులు చక్కగా పట్టిస్తుంది. మెత్తని డకి ‘ల’ కింద చుక్క, గొంతు పట్టుకి ఒక చిన్న గీత, ఇలా మీ గుర్తులు మీరే పెట్టుకోండి. తర్వాత అసలు రాత తెచ్చి పక్కన పెట్టి, ఏ అక్షరాలు మింగేశారో ఎర్ర పెన్నుతో కొట్టేయండి. చివరగా వాళ్ళతో పాటే అదే వేగంతో పైకి అనండి. నలభై రోజులు ఇలా చేశాక నాకు బస్సులో వెనక సీటువాళ్ళ మాటలు ముక్కలు ముక్కలుగా అర్థం కావడం మొదలైంది. ఆ రోజు కలిగిన సంతోషం పరీక్ష పాసైన రోజు కూడా కలగలేదు.

ఐదో మెట్టు: గంటలు, అంకెలు ముందే నేర్చుకోండి

రెండు భాషల్లోనూ ఇరవై ఒకటిని ‘ఒకటీ ఇరవై’ అంటారు. ఫోన్ నంబరు రాసుకునేటప్పుడు చేయి తడబడుతుంది, అలవాటు చేసుకోవాలి. గంటల దగ్గర ఇంకా జాగ్రత్త. జర్మన్ ‘హాల్ప్ డ్రై’, డేనిష్ ‘హల్ ట్రె’ రెండిటికీ మాటకి మాట అర్థం ‘సగం మూడు’. అంటే రెండున్నర, మూడోది సగం అయింది అని. నేను దాన్ని మూడున్నర అనుకుని ఒక అపాయింట్‌మెంట్‌కి గంట ఆలస్యంగా వెళ్ళాను.

ఈ ‘మూడోది సగం’ లెక్క తెలిస్తేనే డేనిష్ పెద్ద అంకెలు అర్థమవుతాయి. యాభైని ‘హల్‌ట్రెస్’ అంటారు: మూడోది సగం, అంటే రెండున్నర ఇరవైలు. అరవై ‘ట్రెస్’, మూడు ఇరవైలు. డెబ్భై మూడున్నర ఇరవైలు, ఎనభై నాలుగు ఇరవైలు, తొంభై నాలుగున్నర ఇరవైలు. లెక్క తెలుసుకోండి, కానీ వాడేటప్పుడు లెక్క వేయకండి. దుకాణంలో ధరలు చూస్తూ మనసులో అనుకుంటే నెలలో వచ్చేస్తాయి. జర్మన్ అంకెలు పదుల పద్ధతిలోనే సాఫీగా ఉంటాయి.

ఆరో మెట్టు: మీరు, నువ్వు

జర్మన్‌లో ‘జీ’ అంటే మీరు, ‘డు’ అంటే నువ్వు. మన పద్ధతికి దగ్గరే, కొత్తవాళ్ళతో, ఆఫీసర్లతో, పెద్దవాళ్ళతో ‘జీ’ అనండి, వాళ్ళే ‘డు’ అందాం అనేదాకా ఆగండి. డేనిష్‌లో ఈ తేడా రోజువారీ మాటల్లో దాదాపు పోయింది. 1970ల నుంచి అందరినీ ‘డు’ అనే అంటారు, రాజకుటుంబం దగ్గర మాత్రం పాత మర్యాద మిగిలింది. టీచర్‌ని, డాక్టర్‌ని, కంపెనీ పెద్దని పేరు పెట్టి ‘డు’ అనాలి. మా నాన్న వయసాయన్ని అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. పిలవకుండా వాక్యం తిప్పి తిప్పి మాట్లాడేవాణ్ణి, దానివల్ల నా డేనిష్ ఇంకా వింతగా వినబడేది. అక్కడ పేరు పెట్టి పిలవడంలో అగౌరవం లేదు, మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఏడో మెట్టు: రెండూ కావాలనుకుంటే

ఒకేసారి మొదలుపెట్టకండి. ముందు జర్మన్ బి1, ఆ తర్వాత డేనిష్. ఈ వరుసలో వెళ్తే డేనిష్ మాటలు సగం తెలిసినవాళ్ళలా కనిపిస్తాయి. దానికి కారణం ఉంది. మధ్యయుగాల్లో ఉత్తర జర్మనీ వర్తకులు, హాన్సా సంఘం వాళ్ళు, డెన్మార్క్ రేవుల్లో వ్యాపారం చేశారు. వాళ్ళ భాష నుంచి డేనిష్‌లోకి వేల మాటలు వచ్చి చేరాయి. 1948 దాకా డేనిష్‌లో కూడా జర్మన్‌లాగే నామవాచకాలన్నీ పెద్ద అక్షరంతో రాసేవాళ్ళు.

మాటలు గుర్తుపట్టడానికి మూడు సూత్రాలు చాలు. డేనిష్‌లో మొదట ‘ట’ ఉంటే జర్మన్‌లో ‘త్స’ చూడండి: కాలం టీల్, త్సైట్, నోట్లో పన్ను టాన్, త్సాన్. డేనిష్‌లో ‘డ’ ఉంటే జర్మన్‌లో ‘ట’: తలుపు డోర్, ట్యూర్, తాగడం డ్రిక్కె, ట్రింకెన్. డేనిష్‌లో ‘ప’ ఉంటే జర్మన్‌లో ‘ప్ఫ’ లేదా ‘ఫ’: మొక్క ప్లాంటె, ప్ఫ్లాంట్సె. ఆసుపత్రిని రెండూ ‘రోగుల ఇల్లు’ అనే అంటాయి, సూహూస్, క్రాంకెన్‌హౌస్.

ఒకేలా ఉండి మోసం చేసే మాటలకి ఒక పేజీ కేటాయించండి. ‘ఓల్’ జర్మన్‌లో నూనె, డేనిష్‌లో బీరు. ‘కిండ్’ అని రాసే మాట జర్మన్‌లో పిల్లవాడు, డేనిష్‌లో చెంప. ‘టాల్’ జర్మన్‌లో లోయ, డేనిష్‌లో అంకె. ‘గిఫ్ట్’ జర్మన్‌లో విషం. డేనిష్‌లో విషమూ అవుతుంది, పెళ్ళయినవాళ్ళు అనే అర్థమూ ఉంది.

డేనిష్ వచ్చాక నార్వే పత్రికలు చదవగలుగుతారు, ఎందుకంటే 1814 దాకా నార్వే డెన్మార్క్ రాజుల కింద ఉంది, అక్కడి ప్రధాన రాత భాష డేనిష్ మీదే కట్టింది. స్వీడిష్ కూడా కొంత అందుతుంది.

ఈ రెండు భాషలవాళ్ళకీ మనకీ ఒక పాత బంధం ఉంది. తమిళనాడు తీరంలోని తరంగంబాడి 1620 నుంచి 1845 దాకా డేనిష్‌వాళ్ళ స్థావరం. డేనిష్ మిషన్ తరఫున అక్కడికి వచ్చిన జర్మన్ బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని, తెలుగు వ్యాకరణం రాసి, 1740లలో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలుగా వాటినే చెబుతారు. ఒక నిఘంటువు గానీ రికార్డింగ్ గానీ లేని కాలంలో ఆయన మన భాష పట్టాడు. డేనిష్ అచ్చులతో విసిగిపోయినప్పుడల్లా నాకు ఆయన గుర్తొచ్చేవాడు.

ఎనిమిదో మెట్టు: క్లాసులు, పరీక్షలు

జర్మన్ ఇక్కడే నేర్చుకోవచ్చు. హైదరాబాద్‌లో గోయెథె సెంట్రమ్ ఉంది, చెన్నై, బెంగళూరుల్లో గోయెథె ఇన్‌స్టిట్యూట్‌లు ఉన్నాయి, హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో జర్మన్ శాఖ ఉంది. పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడటం అని నాలుగు భాగాలు. బి1లో ఏ భాగం పోయిందో దాన్నే మళ్ళీ రాసుకోవచ్చు. వీసా కోసం సర్టిఫికెట్ కావాలంటే ఏ పరీక్షను ఒప్పుకుంటారో ముందు కనుక్కుని తర్వాతే డబ్బు కట్టండి. ‘నెలలో బి1 గ్యారంటీ’ అనే కోచింగ్‌ల జోలికి వెళ్ళకండి. జర్మనీ చేరాక ‘ఫోల్క్స్‌హోఖ్‌షూలె’ అనే స్థానిక ప్రజా పాఠశాలల్లో తక్కువ ఫీజుకి క్లాసులు దొరుకుతాయి.

డేనిష్ అలా కాదు, అక్కడికి వెళ్ళాకే అసలు చదువు. సీపీఆర్ నంబరు, అంటే అక్కడ నివాసం ఉండే ప్రతి ఒక్కరికీ ఇచ్చే గుర్తింపు సంఖ్య, రాగానే కొత్తగా వచ్చిన పెద్దవాళ్ళకి భాషా కేంద్రాల్లో ట్యూషన్ ఫీజు లేకుండా నేర్పుతారు. ఉద్యోగం మీద వచ్చినవాళ్ళ దగ్గర కొంత డిపాజిట్ తీసుకుంటారు. మీ చదువును బట్టి మూడు బాటల్లో ఒకదాంట్లో వేస్తారు, డిగ్రీ ఉన్నవాళ్ళు సాధారణంగా మూడో బాటలోకి వెళ్తారు. ఈ అవకాశానికి గడువు ఉంది, ‘సెటిలయ్యాక చూద్దాం’ అనుకుంటూ రెండేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. ఇల్లు దొరికిన వారమే పేరు ఇచ్చేయండి. వెళ్ళే ముందు ఇక్కడ చేయదగ్గది ఒక్కటే, నాలుగో మెట్టులో చెప్పిన చెవి సాధన, రోజుకి అరగంట, మూడు నెలలు.

తొమ్మిదో మెట్టు: వాళ్ళు ఇంగ్లిష్‌లోకి మారిపోతే

జర్మనీలో మీరు తప్పులతో మాట్లాడినా ఎదుటివాళ్ళు మామూలుగా జర్మన్‌లోనే జవాబిస్తారు, చిన్న ఊళ్ళలోనైతే వాళ్ళకి వేరే దారి ఉండదు. కోపెన్‌హాగెన్‌లో మీ మొదటి వాక్యంలో ఒక అచ్చు తేడాగా వినబడగానే చక్కటి ఇంగ్లిష్‌లోకి మారిపోతారు. మీ మీద చులకనతో కాదు, సాయం చేద్దామనే. పైగా తమ భాషని వేరే యాసలో వినే అలవాటు వాళ్ళకి తక్కువ. మీరు ఇంగ్లిష్‌లోకి జారకుండా నవ్వుతూ ‘కా వీ టేలె డాన్స్క్?’ అనండి, డేనిష్‌లో మాట్లాడుకుందామా అని అర్థం. తర్వాత ‘లిట్ లాంగ్‌సొమరె, టాక్’ అనండి, కొంచెం నెమ్మదిగా అని. కొత్తగా పరిచయమయ్యేవాళ్ళతో మొదటి రోజే డేనిష్‌లో మొదలుపెట్టండి. ఒకసారి ఒక మనిషితో ఇంగ్లిష్ అలవాటైపోతే ఆ మనిషితో భాష మార్చడం చాలా కష్టం. కూరగాయల దుకాణంలో పెద్దావిడ, లైబ్రరీలో పనిచేసేవాళ్ళు, క్రెష్‌లో పిల్లల టీచర్, వీళ్ళ ముగ్గురితో మొదలుపెట్టండి. వాళ్ళకి తొందర తక్కువ, చెప్పిందే మళ్ళీ చెప్పే ఓపిక ఎక్కువ.